గురువారం మాత్ర

క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్ పొడి పసుపుపచ్చగా ఉంటుంది. ఉత్త నీళ్ళలో సరిగా కరగదు. కొద్దిగా సోడియం హైడ్రాక్సైడ్ కలిపితే తేటపడుతుంది. వెలుతురు తగిలితే చెడుతుంది కనుక సీసాకు అల్యూమినియం రేకు చుట్టి ఉంచాలి. ఈ సంగతులన్నీ 1997 జనవరిలో, మేరీలాండ్‌లోని ఒక వైద్య కళాశాల ప్రయోగశాలలో, నేను అన్నయ్య అని పిలుచుకున్న మనిషి తన చేత్తో చేసి చూపించి నాకు నేర్పారు. రేకు చుట్టి, పైన తేదీ రాసి, "ఇది మన భీమవరం ఆయన మందమ్మా, ఒక్క చుక్క కూడా వృథా చేయకు" అన్నారు. ఆయన పోయి ఏడాదయింది. మొన్న హబ్సిగూడలో, వాళ్ళ నాన్నగారు కట్టించిన ఇంట్లో, సంవత్సరీకం పెట్టారు.

భీమవరం ఆయన అంటే యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో భీమవరంలో పుట్టి, 1923లో బోస్టన్ చేరి, చదువుకు డబ్బు చాలక ఆసుపత్రిలో రాత్రిపూట చాకిరీ చేసి, ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి శరీర ద్రవాల్లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని కనిపెట్టి, చివరికి న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనకు నాయకత్వం వహించిన మనిషి. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ ఫోలిక్ ఆమ్లానికి విరుద్ధంగా పనిచేసే అమినోప్టెరిన్ కూడా అక్కడిదే. దాన్ని తీసుకుని బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్‌తో ఉన్న 16 మంది పిల్లలకు ఇస్తే, పదిమందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించారు. మెథోట్రెక్సేట్ దానికి తోబుట్టువు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూశారు. భార్య శేషగిరిగారు ఇక్కడే ఉండిపోయారు, ఆయన ఆ పాతికేళ్ళలో ఒక్కసారైనా ఇంటికి తిరిగి రాలేదు.

అన్నయ్య ఈ చివరి విషయం దగ్గర ఎప్పుడూ కాసేపు ఆగేవారు. "ఆ మహానుభావుడి పనిలో వెయ్యోవంతు చేసినా నా జన్మ ధన్యమే. కానీ అలా ఉండిపోవడం మాత్రం నా వల్ల కాదు" అనేవారు. రెండేళ్ళకొకసారి హైదరాబాదు రావాలన్నది ఆయన పెట్టుకున్న నియమం. ఆ నియమం ఎంత కష్టమైనదో దేశం విడిచి వెళ్ళి పనిచేసిన వాళ్ళకు తెలుస్తుంది.

ఆయన హైదరాబాదులో పరిశోధన చేసింది కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ తొలి రోజుల్లో. 1977లో ఆ సంస్థ తార్నాకలోని ప్రాంతీయ పరిశోధనాశాల (ఆర్.ఆర్.ఎల్.) ఆవరణలోనే మొదలైంది. ఉప్పల్ రోడ్డు మీది భవనం 1987లో జాతికి అంకితమయ్యేసరికి ఆయన అమెరికా వెళ్ళి మూడేళ్ళు దాటింది. అక్కడ ఆయన పట్టుకున్న ప్రశ్న ఒక్కటే: మొదట మెథోట్రెక్సేట్‌కు లొంగిన క్యాన్సర్ కణాలు కొన్నాళ్ళకు ఎందుకు లొంగవు? ఆ మందు అడ్డుకునే ఎంజైము జన్యువును కణం పదుల, వందల ప్రతులుగా పెంచుకోగలదని 1978లో స్టాన్‌ఫోర్డ్‌లో రాబర్ట్ షిమ్కే బృందం చూపింది. ఆ దారిలోనే అన్నయ్య నడిచారు. మందు మోతాదును కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవాలి. ప్రతి మెట్టు దగ్గరా కణాల్లో చాలావరకు చచ్చిపోతాయి. మిగిలిన కాసిన్నింటిని నెలల తరబడి సాకాలి. 37 డిగ్రీల వేడి, 5 శాతం కార్బన్ డయాక్సైడు తగ్గకుండా చూడాలి. ఎర్రగా ఉన్న పోషక ద్రవం పసుపుకు తిరిగిందంటే కణాలు ఆమ్లంలో ఉక్కిరిబిక్కిరవుతున్నట్టు, వెంటనే మార్చాలి. పండగలు, సెలవులు కణాలకు తెలియవు. సాయంత్రం ఆరున్నరకు ఇంటికొచ్చి పిల్లలతో కూర్చుని భోంచేసి, వాళ్ళ చేత పది తెలుగు వాక్యాలు రాయించి, తొమ్మిదింటికి మళ్ళీ ప్రయోగశాలకు వెళ్ళడం ఆయన దినచర్య. నేను అక్కడున్న అయిదేళ్ళలో ఆ ఆరున్నర తప్పింది వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

ఆయన హైదరాబాదు రావలసి ఉండీ రాలేకపోయిన సందర్భం మాత్రం నేను అమెరికా వెళ్ళకముందే జరిగింది. 1992 జూన్‌లో ఒక శనివారం తెల్లవారుజామున 4.20కి వాళ్ళ నాన్నగారు హబ్సిగూడలో పోయారు. మేరీలాండ్‌లో అప్పుడు శుక్రవారం సాయంత్రం 6.50, అంటే భోజనాల వేళ. గ్రీన్ కార్డు దరఖాస్తు పరిశీలనలో ఉంది. ముందస్తు అనుమతి పత్రం చేతిలో లేకుండా దేశం దాటితే ఆ దరఖాస్తును వదులుకున్నట్టేనని నాటి నిబంధన. అనుమతి ఇచ్చే కార్యాలయం సోమవారం దాకా తెరవదు. కార్యక్రమమా, ఆగదు. తలకొరివి తమ్ముడు పెట్టాడు. వదిన చెప్పిన దాని ప్రకారం ఆయన ఆ రాత్రి స్నానం చేసి, దీపం పెట్టి, పదకొండింటికి ప్రయోగశాలకు వెళ్ళి కణాలకు పోషక ద్రవం మార్చి వచ్చారు. ఎందుకు వెళ్ళారని నేనొకసారి అడిగాను. "అక్కడ నా చేతిలో ఉన్నది అదొక్కటే కదమ్మా" అన్నారు. ఆ మాటకు బదులు చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు.

పరిశోధకుడి ఉద్యోగం బయటివాళ్ళకు గౌరవంగా కనిపిస్తుంది, కానీ చాలాచోట్ల అది తెచ్చుకున్న గ్రాంటు మీద నడిచే బతుకు. తన జీతంలో పెద్ద భాగమూ, టెక్నీషియన్ జీతమూ, చివరికి ప్లాస్టిక్ గొట్టాల ఖర్చూ ఆ గ్రాంటులోంచే రావాలి. 1998 నుంచి 2003 వరకు వైద్య పరిశోధనకు గ్రాంటులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్.ఐ.హెచ్. బడ్జెట్ రెట్టింపయింది, ఆ తరువాత పెరుగుదల దాదాపు ఆగిపోయింది. అంతకుముందు దరఖాస్తుకు మంచి మార్కులుగా చెల్లిన మార్కులకు ఇక గ్రాంటు రాలేదు. ఆయన దరఖాస్తు రెండుసార్లు తిరిగొచ్చింది. ఇరవై ఏళ్ళు పనిచేసిన గది నెలలోగా ఖాళీ చేయాలని కళాశాలవారు ఒక ఉత్తరం ముక్కతో తెలియజేశారు. అప్పటికి నేను హైదరాబాదు తిరిగొచ్చేశాను. ద్రవ నత్రజనిలో దాచిన కణాలను అడిగిన ప్రయోగశాలలన్నిటికీ పంచిపెట్టి, ఒక్కో గొట్టం చరిత్ర విడివిడిగా రాసి ఇచ్చారని తరువాత విన్నాను. అంత అవమానంలోనూ ఆ చరిత్రలు రాయడానికి కూర్చున్న మనిషిని నేను మరొకరిని చూడలేదు. ఆ పైన పదవీ విరమణ వరకు వైద్య విద్యార్థులకు పాఠాలు చెప్పారు.

ప్రయోగశాల పుస్తకాలు సంస్థవి, అక్కడే ఉండిపోయాయి. ఇంటికొచ్చినవి ఆయన ఇంట్లో రాసుకున్న పుస్తకాలు, అవి కూడా అదే పద్ధతిలో తేదీ, సమయం, విషయం. ఆదివారం ఆదివారం కాలింగ్ కార్డు గీకి వాళ్ళమ్మగారితో మాట్లాడినవన్నీ అందులో ఉన్నాయి. "మే 14. అమ్మ. మాగాయ ముక్కలు ఎండబెట్టారట. మబ్బు పట్టింది. మోకాలు నొప్పి." వదిన ఆ పుస్తకాలను కొడుకు చేతికిచ్చి చదవమన్నారు. అతను మేరీలాండ్‌లో పుట్టి పెరిగినవాడు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, వత్తుల దగ్గర ఆగుతూ, రెండు పేజీలు చదివాడు. ఎవరూ సరిదిద్దలేదు.

వదినకు పదిహేనేళ్ళుగా కీళ్ళవాతం. దానికి వైద్యులిచ్చేది ఆ మెథోట్రెక్సేటే. క్యాన్సర్‌కు వాడే మోతాదులో కాదు, చాలా తక్కువగా, వారానికి ఒక్కసారి. వారానికొకటి వేసుకోవలసిన మోతాదు పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. దాని దుష్ఫలితాలు తగ్గడానికి వేరే రోజుల్లో ఫోలిక్ ఆమ్లం మాత్ర. జీవితమంతా ఆ మందుకు లొంగని కణాల వెంట తిరిగిన మనిషి ఇంట్లోకి అదే మందు, దాని వెనుక ఫోలిక్ ఆమ్లం, రెండూ భీమవరం ఆయన చేతి మీదుగా వచ్చాయి. అన్నయ్య దాని గురించి పెద్దగా మాట్లాడేవారు కాదు. ప్రతి డిసెంబరులో హైదరాబాదు నుంచి తెప్పించుకున్న తెలుగు క్యాలెండరును వంటగదిలో తగిలించి, సంవత్సరంలోని గురువారాలన్నిటికీ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టేవారు. మాత్ర వేసుకున్నాక సున్నాలో అడ్డగీత. ఆయన మార్చిలో పోయారు. ఆయన చుట్టిన సున్నాలు డిసెంబరు చివరి దాకా ఉన్నాయట, వదిన వాటి ప్రకారమే మాత్రలు వేసుకున్నారు.

సంవత్సరీకం మర్నాడు నేను వెళ్ళేసరికి వంటగది తలుపు పక్కన ఈ ఏడాది క్యాలెండరు ఉంది. సున్నాలు నీలం సిరాతో, తేదీ అంకెను దాటేంత పెద్దగా, కొంచెం వంకరగా ఉన్నాయి. "మావాడు వచ్చేటప్పుడు విమానంలో కూర్చుని చుట్టాడట" అని వదిన చెప్పారు. ఆ రోజు గురువారం. ఆవిడ మాత్ర వేసుకుని, నీళ్ళు తాగి, గ్లాసు పక్కన పెట్టి, పెన్ను కోసం వెతుక్కున్నారు.