వాకిట్లో మిగిలిన చెప్పు

మా పెద్దనాయన బత్తాయి తోట నుంచి వస్తూ నకిరేకల్ దగ్గర మోపెడ్ మీది నుంచి పడ్డప్పుడు తలకు చిన్న బొప్పి కట్టింది తప్ప రక్తం రాలేదు, స్పృహ తప్పలేదు. పసుపు, సున్నం పట్టించి ఊరుకున్నాము. ఇరవై రోజుల తరువాత ఒక ఉదయం ఎడమ కాలి చెప్పు వాకిట్లోనే జారిపోయినా ఆ సంగతి తెలియకుండా ఆయన ఇంట్లోకి నడిచి వచ్చారు. చొక్కా గుండీలు కూడా ఒకదానికి బదులు మరొకటి పెట్టుకుంటుంటే వయసు మీద పడిందనుకున్నాము.

నల్లగొండలో తీయించిన సీటీ స్కాన్‌లో పుర్రెకు, మెదడుకు నడుమ కుడివైపున నెలవంకలాగా పాత రక్తం కనిపించింది. దీనిని క్రానిక్ సబ్‌డ్యూరల్ హెమటోమా అంటారు. వయసుతో మెదడు కొంత కుంచించుకుపోయి, దాని నుంచి పైపొరకు వెళ్లే సన్నని సిరలు సాగి ఉంటాయి కాబట్టి చిన్న దెబ్బకే తెగి, రక్తం వారాల తరబడి ఊరుతుంది; గుండెకోసం ఆయన వాడుతున్న రక్తం పలుచబరిచే మాత్రలు దానికి తోడయ్యాయి. హైదరాబాదులో పుర్రెకు రెండు రంధ్రాలు వేసి, ఇంజన్ ఆయిల్‌లాంటి ఆ రక్తాన్ని తీసివేశారు.

పడుచువాళ్లలో ఎక్కువగా కనిపించే ఎక్స్‌ట్రాడ్యూరల్ రక్తస్రావం, అంటే పుర్రెకు, మెదడు పైపొరకు నడుమ రక్తం చేరడం, ఇంత వ్యవధి ఇవ్వదు. కణత దగ్గర ఎముక పలుచన. అది చిట్లి లోపలి ధమని తెగితే, లేచి కూర్చుని మాట్లాడిన మనిషే కొన్ని గంటల్లో స్పృహ కోల్పోవచ్చు, అప్పుడు వెంటనే పుర్రె తెరవాలి. దీనికి భిన్నంగా మెదడు తంతువులే తెగిన గాయాలలో స్కాన్ దాదాపు మామూలుగా ఉండి, మనిషి మాత్రం కళ్లు తెరవకపోవచ్చు. అక్కడ కోయడానికి ఏమీ ఉండదు.

గాయం తీవ్రతను 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెనెట్ రూపొందించిన కొలతతో లెక్కిస్తారు: కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15. అది 8కి, అంతకన్నా కిందికి పడితే సాధారణంగా గొంతులో గొట్టం వేసి శ్వాస అందిస్తారు. ఆక్సిజన్, రక్తపోటు పడిపోకుండా చూడడం, తలవైపు 30 డిగ్రీలు ఎత్తడం, పుర్రె లోపలి ఒత్తిడి పెరిగితే దాన్ని తగ్గించే మానిటాల్ అనే మందు ఎక్కించడం ప్రధాన చికిత్సలు. వాపు తగ్గే సూది వేయమని వైద్యులను బతిమాలేవారిని నేను చూశాను. వారు అడిగేది స్టెరాయిడ్; తల గాయాలలో స్టెరాయిడ్ల వల్ల మరణాలు పెరిగాయని 2004లోనే ఒక పెద్ద పరిశోధనలో తేలింది.

పెద్దనాయన ఇప్పుడు తోటకు వెళ్తున్నారు. క్షవరం చేయించుకున్న రోజున మాత్రం తల మీది రెండు గుంటలను వేలితో తడిమి చూసుకుంటారు.