దెయ్యం మన మాటలు వింటుంది: ఫాస్మోఫోబియాతో మా తొలి రాత్రి

ఫాస్మోఫోబియాలో దెయ్యానికి మన మైక్ వినిపిస్తుంది. మిగతా హారర్ గేములకూ దీనికీ తేడా అక్కడే ఉంది. బ్రిటన్‌లోని కైనెటిక్ గేమ్స్ దీన్ని 2020 సెప్టెంబరులో ఎర్లీ యాక్సెస్‌గా, అంటే పూర్తిగా తయారవకముందే ఆడుకోవడానికి వదిలింది. మొదట్లో దాన్ని తయారుచేసింది ఒక్క డెవలపరే. నలుగురి దాకా కలిసి ఆడొచ్చు. దెయ్యాన్ని చంపే పని లేదు, వదిలించే పనీ లేదు. ఇంట్లోకి వెళ్లి, మూడు ఆధారాలు పట్టుకుని, అది ఏ రకం దెయ్యమో తేల్చి, ప్రాణాలతో వ్యాన్ ఎక్కాలి.

బెంగళూరు మారతహళ్లి ఫ్లాట్‌లో నా గదిలో నేను, హాల్లో డెస్క్‌టాప్ ముందు బావ, గుంటూరు హాస్టల్ నుంచి ఆన్‌లైన్లో తమ్ముడు. "నాకొద్దు బాబూ, మీరు ఆడుకోండి" అని అక్క చపాతీ పిండి కలుపుకోవడానికి వెళ్లిపోయింది. మేం ఎంచుకున్నది టాంగిల్‌వుడ్. చిన్న ఇల్లు, కొత్తవాళ్లకు సరిపోతుంది.

చీకట్లో ఉన్నకొద్దీ ఆటగాడి మతిస్థిమితం పడిపోతుంటుంది. అది బాగా తగ్గిందంటే దెయ్యం వేటకు దిగుతుంది. అందుకని ముందు మెయిన్ స్విచ్ వెతికి కరెంటు వేసుకున్నాం. అమెచ్యూర్ అనే తేలిక స్థాయిలో మొదటి 5 నిమిషాలు వేట ఉండదు. ఆ కాస్త టైములో థర్మామీటర్ పట్టుకుని గదిగదీ తిరిగితే, కిచెన్‌లో అంకె దిగడం మొదలైంది. దాని మకాం అక్కడే.

ఇక స్పిరిట్ బాక్స్. చేతిలో పట్టే చిన్న రేడియో లాంటిది. లైటు ఆర్పి ప్రశ్న అడిగితే దెయ్యం అందులోంచి పలుకుతుంది. మా బావది భీమవరం. ఎంత దెయ్యమైనా మర్యాద తగ్గించడు. "ఎక్కడున్నారండీ?" అని అడిగాడు. గరగర తప్ప ఏమీ లేదు.

"బావా, సెట్టింగ్స్‌లో ఇంగ్లిష్ పెట్టాం. ఇంగ్లిష్‌లో అడుగు" అన్నాడు తమ్ముడు.

బావ గొంతు సవరించుకున్నాడు. "వేర్ ఆర్ యు అండీ?"

ఆ గరగరలోంచి బొంగురుగా "బిహైండ్" అని వచ్చింది.

ముగ్గురం ఒకేసారి పెట్టిన కేకకి అక్క పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. "వెనక ఉందట!" అన్నాడు బావ. అక్క నిజంగానే వెనక్కి తిరిగి చూసింది.

ఆ తర్వాత ఆధారాలు చకచకా దొరికాయి. కింద పెట్టిన నోట్‌బుక్‌లో పిచ్చి గీతలు పడ్డాయి. అతినీలలోహిత కాంతి టార్చ్ వేస్తే తలుపు మీద వేళ్ల గుర్తులు మెరిశాయి. కప్పులు, ప్లేట్లు వాటంతటవే లేచి ఎగిరాయి. స్పిరిట్ బాక్స్, రాత, వేలిముద్రలు మూడూ కలిస్తే పోల్టర్‌గైస్ట్. సామాను విసిరేయడం దాని అలవాటు.

బయటికి నడుస్తుండగా టార్చ్ రెపరెపలాడింది. వీధి తలుపు దానంతటదే పడిపోయింది. వేట మొదలైంది. నేను బెడ్‌రూమ్ అల్మరాలో దూరి, టార్చ్ ఆర్పి, తలుపు రెక్కలు లాగి పట్టుకున్నాను. ఇలాంటప్పుడు మాట్లాడితే అది విని నేరుగా వచ్చేస్తుంది. హెడ్‌సెట్‌లో అడుగుల చప్పుడు దగ్గరవుతోంది. సరిగ్గా అప్పుడే మా ఫ్లాట్ వంటింట్లోంచి అక్క: "ఏవండీ, చపాతీల్లోకి పప్పా, కూరా?"

నేను అరచేత్తో మైక్ మూసేశాను. సోఫా వెనక నక్కిన బావ మాత్రం ఠక్కున "పప్పు!" అన్నాడు.

అడుగులు అటు తిరిగాయి. బావ పని అయిపోయింది.

ఈ గేములో చచ్చిపోయినవాళ్ల మాట బతికున్నవాళ్లకు వినిపించదు. తమ్ముడికి బావ గొంతు ఆగిపోయింది కానీ, బావకీ నాకూ మధ్య ఉన్నది ఒక్క గోడే కదా. "అటెళ్లకు, అది కిచెన్ వైపు పోయింది" అంటూ చనిపోయిన బావే నాకు దారి చెప్పాడు. వేట ఆగి తలుపు తెరుచుకోగానే తమ్ముడూ నేనూ వ్యాన్‌లో పడ్డాం. మా జవాబు కరెక్టే. నవ్వీ నవ్వీ నాకు పొట్ట నొప్పి పుట్టింది.

ఇంత చిన్న ఇల్లు, ఇన్ని తక్కువ హంగులు, అయినా వినే దెయ్యం అనే ఒక్క ఆలోచనతో ఇంత భయపెట్టిన గేమ్ నేను ఇంకోటి చూడలేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మాటలకు అలవాటుపడ్డ మన తెలుగువాళ్లతోనే ఆడండి. హెడ్‌సెట్ తప్పనిసరి. ముందు వ్యాన్‌లో నిలబడి మైక్ పనిచేస్తోందో లేదో చూసుకోండి. భోజనం మాత్రం ఆటకు ముందే కానివ్వండి.