నైట్ షిఫ్టు వాడికి దినచర్య

ఆయుర్వేదం మొదలుపెడతానంటే ఎవరైనా ముందు చెప్పే మాట బ్రాహ్మీ ముహూర్తంలో లేవమని. నేను ఆఫీసు క్యాబ్ దిగి ఇంటి తాళం తీసేదే ఆ వేళకి. అమెరికా వాళ్ళకి పగలైతే మనం మేలుకోవాల్సిన ఉద్యోగం నాది. సాయంత్రం ఆరున్నరకి లాగిన్, తెల్లవారుజామున మూడున్నరకి లాగౌట్. హైదరాబాద్‌లో ఇలా బతికేవాళ్ళు వేలమంది ఉన్నారు. యూట్యూబ్‌లో దినచర్య గురించి చెప్పేవాళ్ళు మాత్రం మమ్మల్ని లెక్కలో వేసుకోరు.

గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు, పడుకున్న రెండు మూడు గంటలకే మెలకువ, వీటన్నిటి పైన మలబద్ధకం. ముందు గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికే వెళ్ళాను. ఎండోస్కోపీ చేశారు. పుండ్లు లేవు, కొద్దిగా వాపు ఉందన్నారు. యాసిడ్ తగ్గించే పాంటాప్రజోల్ మాత్ర రాసి, "తినే వేళలు మార్చుకోండి" అన్నారు. ఎలా మార్చుకోవాలో అడిగేలోపే తర్వాతి పేషెంట్ కుర్చీ దాకా వచ్చేశాడు. ఆయన్ని అనలేం, బయట అంత జనం. మాత్ర వేసుకున్నన్నాళ్ళు మంట తగ్గేది. నిద్ర మాత్రం రాలేదు.

తర్వాత ఒక ప్రైవేటు ఆయుర్వేద సెంటర్‌కి వెళ్ళాను. ఏసీ హాలు, ఇత్తడి ఉరుళిలో పూలు, చేతికి హెర్బల్ టీ. నాడి పట్టుకునే మనిషి కన్నా ముందు ప్యాకేజీ చెప్పే అమ్మాయి వచ్చింది. ట్యాబ్‌లో పది ప్రశ్నలు నొక్కగానే నేను పిత్త ప్రకృతి, అంటే ఒంట్లో పిత్తం పాలు ఎక్కువున్న మనిషినని తేలింది, దానికి తగ్గ శిరోధార (నుదుటి మీద నూనె ధారగా పోయడం) ప్యాకేజీ కూడా సిద్ధంగా ఉంది. రేటు నా ఇంటద్దెకి దగ్గర్లో ఉంది. టీ తాగి, నమస్కారం పెట్టి వచ్చేశాను.

చివరికి ఎర్రగడ్డ చేరాను. హైదరాబాద్‌లో ఈ మాటంటే జనం మొహం ఎలా పెడతారో తెలిసిందే. మా టీమ్ వాట్సాప్ గ్రూపులో అయితే చాలా రోజులు అదే జోకు నడిచింది. కానీ అక్కడ మానసిక చికిత్సాలయం ఒక్కటే కాదు, ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల, దాని ఆసుపత్రి కూడా ఉన్నాయి. ఓపీ చీటీ తీసుకుని, కాయచికిత్స (మందులతో చేసే సాధారణ వైద్యం) విభాగం ముందు బెంచీ మీద నా వంతు కోసం కూర్చున్నాను.

లోపల డాక్టర్ మేడమ్, చుట్టూ నోటు పుస్తకాలతో పీజీ విద్యార్థులు. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: "ఆకలేసి తింటారా, టైమయిందని తింటారా?" జవాబు కోసం చాలాసేపు ఆలోచించాను. ఆకలి వేసినట్టు ఈమధ్య గుర్తే లేదు. నాలుక చాపమన్నారు. మీద తెల్లటి పొర ఉంటే విద్యార్థులకి చూపించి, ఆమం ఉందన్నారు. అంటే తిన్నది సరిగ్గా అరగక మిగిలిపోయిన సరుకన్న మాట. తర్వాత కడుపు నొక్కి చూశారు. పొద్దున మలం నీళ్ళలో మునుగుతుందా, తేలుతుందా అని అడిగారు. అయిదారుగురు పిల్లలు పెన్నులు పట్టుకుని నా జవాబు కోసం ఎదురు చూస్తుంటే చెప్పడం అంత సులువేం కాదు.

కాల్‌లో ఉన్నప్పుడు బాత్రూమ్‌కి వెళ్తారా అని కూడా అడిగారు. ఆయుర్వేద గ్రంథకర్త చరకుడు ఆపుకోకూడని వేగాలు, అంటే ఒంట్లో సహజంగా తన్నుకొచ్చేవి, పదమూడు చెప్పాడట: మూత్రం, మలం, తుమ్ము, తేన్పు, ఆవులింత, ఆకలి, దప్పిక, కన్నీళ్ళు, నిద్ర ఇలా. ఒక్క క్లయింట్ కాల్‌లో మేం వాటిలో సగం ఆపుకుంటాం. మిగతా సగం మ్యూట్‌లో పెట్టి కానిస్తాం.

ఎండోస్కోపీ రిపోర్టు ఓపిగ్గా చదివి, "ఈ మాత్ర ఇప్పుడే ఆపకండి. ఉన్నట్టుండి ఆపితే యాసిడ్ ఎగదన్ని మంట ఇంకా ఎక్కువవుతుంది. తగ్గాక మీ డాక్టర్‌ని అడిగే తగ్గించుకోండి" అన్నారు. నాకు ఆవిడ మీద నమ్మకం కుదిరింది ఇక్కడే.

అప్పుడు అడిగాను, "మరి బ్రాహ్మీ ముహూర్తం మేడమ్?" అని. నవ్వారు. పొద్దున్నే లేవమని చెప్పిన పాత ఆయుర్వేద గ్రంథం, వాగ్భటుడి అష్టాంగ హృదయంలోనే రాత్రి మేలుకున్నవాడి గురించి కూడా ఉందన్నారు. అలవాటు లేకుండా జాగారం చేసినవాడు, ఎంతసేపు మేలుకున్నాడో అందులో సగంసేపు పొద్దున ఏమీ తినకుండా పడుకోవాలట.

"మీరు ఇంటికెళ్ళగానే ఏం చేస్తారు?"

"దారిలో టిఫిన్ తిని, వెళ్ళి పడుకుంటానండి."

"అదే మానండి. ఆ మాట ఎప్పుడో ఒకనాడు మేలుకున్నవాడికి. మీది రోజూ జాగారమే, కాబట్టి నిద్ర సగానికి కోసుకోకండి. ఖాళీ కడుపుతో పడుకోమన్న ముక్క మాత్రం గట్టిగా పట్టుకోండి."

మందు చీటీ చిన్నదే. భోజనానికి ముందు అవిపత్తికర చూర్ణం. త్రికటు (శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు), త్రిఫల, లవంగం, తెల్ల తెగడ వేరు, చక్కెర వగైరా కలిపి చేసేది. అందులో ఉన్న తెగడ విరేచనం సాఫీగా అయ్యేలా చేస్తుంది. కాబట్టి దీన్ని టీ పొడిలా ఇష్టమొచ్చినట్టు వాడేది కాదని గట్టిగా చెప్పారు. చీటీ ఎంత చిన్నదో పథ్యం జాబితా అంత పెద్దది. ఆవకాయ, గోంగూర, పులుసులు, ఉలవచారు, పరగడుపున కాఫీ, రాత్రి పెరుగు బంద్. పాత బియ్యం అన్నం, పెసరకట్టు, సొరకాయ, బీరకాయ, పొట్లకాయ, బార్లీ, దానిమ్మ తినొచ్చు. మజ్జిగ పగలు, అదీ పులవనిది.

మాది గుంటూరు వైపు. అమ్మకి ఫోన్లో చదివి వినిపిస్తే కాసేపు మాట్లాడలేదు. "ఏరా, ఇంత చేసి పచ్చడి ముక్క లేకుండా ముద్ద ఎలా దిగుద్దిరా? ఆ డాక్టరమ్మది ఏ ఊరో కనుక్కున్నావా?" అంది. అయినా పై వారానికే జీలకర్ర, ధనియాలు వేయించి కొట్టిన పొడి పంపింది. మా ఇంట్లో ఎవరికి కడుపు బాగోకపోయినా ముందు దిగేది అదే డబ్బా.

మధ్యాహ్నం వేళ జఠరాగ్ని బలంగా ఉంటుందనేది ఆయుర్వేదం చెప్పే లెక్క. దాన్ని బట్టి నా రోజంతా మధ్యాహ్నం భోజనం చుట్టూ కట్టుకున్నాను. తెల్లవారుజామున ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కుని, అరికాళ్ళకి కాస్త నువ్వుల నూనె రుద్ది, దళసరి కర్టెన్ లాగి పడుకుంటాను. లేచాక గోరువెచ్చని నీళ్ళు. ఒంటిగంట లోపు కడుపునిండా భోజనం. రాత్రి ఎనిమిదిన్నరకి ఇంటి నుంచి తెచ్చుకున్న పెసరకట్టు అన్నమో, రెండు పుల్కాలో. పన్నెండు దాటితే నీళ్ళు తప్ప ఏమీ లేదు. చెప్పడానికి తేలికే. అర్ధరాత్రి క్యాంటీన్‌లో ఎగ్ నూడుల్స్ వేసే పెనం వాసన ఫ్లోరంతా కొడుతుంటే ఫ్లాస్కులో నీళ్ళు తాగడం మాత్రం శిక్షే. మొదట్లో ఆకలితో నిద్ర పట్టదేమో అనుకున్నాను. పట్టింది. అసలు మంట లేచేదే పడుకోబోయే ముందు తిన్న ఇడ్లీ, కారప్పొడి వల్లేమోనని ఇప్పుడనిపిస్తుంది.

నాకు బాగా నచ్చింది అభ్యంగం, అంటే ఒంటికి నూనె రుద్దుకోవడం. మనం ఉగాదికీ దీపావళికీ తలంటు పోసుకుని మిగతా ఏడాదంతా నూనెని పోపుకే వదిలేశాం. నూనె గిన్నెని వేడినీళ్ళ మగ్గులో కాసేపు ఉంచితే చాలు, స్టవ్ మీద కాచక్కర్లేదు. చేతులకీ కాళ్ళకీ పొడుగ్గా, కీళ్ళ దగ్గర గుండ్రంగా రుద్దాలి. రోజూ ఒళ్ళంతా కుదరకపోతే మాడు, చెవులు, పాదాలు మాత్రం వదలొద్దన్నారు. కాసేపు ఆగి సున్నిపిండితో రుద్దుకుని వేడినీళ్ళు పోసుకుంటే, కీబోర్డు మీద వాలి బిగుసుకుపోయిన భుజాలు దిగుతాయి. భోజనం చేసిన వెంటనే చేయకూడదు. జలుబు, అజీర్ణం, జ్వరం ఉన్నప్పుడు అసలు వద్దన్నారు. వీడియోల్లో చూపించని సంగతులు కొన్ని ఉన్నాయి. బాత్రూమ్ గచ్చు జారుతుంది, పాత గోనెపట్టా వేసుకోవాలి. నూనె, సున్నిపిండి కలిసి డ్రెయిన్ జాలీ దగ్గర ముద్ద కడతాయి, అప్పుడే తీసేయకపోతే ప్లంబర్ రావాలి. తువ్వాలుకి ఒక వాసన పట్టుకుని ఎన్ని ఉతుకులకీ పోదు. "ఆ తువ్వాలు నా బట్టల్తో మెషీన్‌లో వేశారంటే చూడండి" అని మా ఆవిడ దానికి వేరే బకెట్ పెట్టేసింది.

ప్రాణాయామంలో అప్పటిదాకా ఉత్సాహంగా చేస్తున్న కపాలభాతి ఆపించారు, యాసిడ్ ఉన్నవాళ్ళకి అది పడదని. బదులుగా నాలుక చుట్టి చల్లగాలి పీల్చే శీతలి, తుమ్మెదలా ఝుమ్మనే భ్రామరి చెప్పారు. భ్రామరిని ఆఫీసులో ఖాళీ మీటింగ్ రూమ్‌లో చేస్తే ఏసీ పాడైందని ఎవరో ఫెసిలిటీస్ వాళ్ళకి ఫోన్ చేశారు. అప్పటి నుంచి ఇంట్లోనే.

నా మార్పు చూసి టీములో ఇద్దరు ముగ్గురు అశ్వగంధ గమ్మీలు ఆర్డర్ పెట్టారు. అందులో ఒకరు రోజూ థైరాయిడ్ మాత్ర వేసుకునే మనిషి. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్ల మీద పనిచేస్తుంది, అరుదుగా కాలేయం దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి. డాక్టర్‌ని అడక్కుండా మింగకండని చెప్పాను. లోహ భస్మాలు కలిసిన రసౌషధాల సంగతి ఇంకా జాగ్రత్త. అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే 14 ఉత్పత్తుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో కనీసం ఒకటి ఉందని 2004లో వచ్చిన ఒక అధ్యయనంలో తేలింది. ఆకుల మందే కదా, ఏం చేస్తుందిలే అనే ధీమా నాకు లేదు. డబ్బా మీద లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు లేకపోతే కొనను.

ఇప్పుడు నిద్ర ఆరు గంటలు ఏకధాటిగా పడుతోంది. గ్యాస్ట్రో డాక్టర్ చెప్పినట్టే మెల్లగా తగ్గించుకుంటూ మాత్ర మానేశాను. నాలుక మీద పొర పోయింది. అన్నిటికన్నా వింత, మధ్యాహ్నం పన్నెండున్నర అయ్యేసరికి నిజంగా ఆకలేస్తోంది. పెళ్ళిళ్ళకి వెళ్ళొచ్చిన మర్నాడు మంట మళ్ళీ పలకరిస్తుంది. నైట్ షిఫ్టు తాలూకు నష్టాన్ని నూనె, చూర్ణం పూర్తిగా కడిగేస్తాయని నేను అనుకోను. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2007లోనే రాత్రి షిఫ్టు పనిని క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్నవాటి జాబితాలో చేర్చింది. మేడమ్ కూడా ప్రతిసారీ అడిగేది అదే: "షిఫ్టు మార్పు అడిగారా?" అడిగాను. వచ్చే రోస్టర్‌లో చూద్దామన్నారు.

ఈలోగా శరదృతువు వస్తోంది. పిత్తం ప్రకోపించే కాలం కాబట్టి విరేచన కర్మ చేయించుకుంటే మంచిదన్నారు. ముందు కొన్ని రోజులు మందు నెయ్యి తాగాలి, తర్వాత నూనె మర్దన, ఆవిరి, ఆపైన విరేచనాల మందు, ఆ తర్వాత గంజితో మొదలుపెట్టి మెల్లగా అన్నంలోకి రావాలి. దీనికి వరసగా సెలవు కావాలి. మా మేనేజర్ కారణం అడిగే రకం. లీవ్ పోర్టల్‌లో రీజన్ దగ్గర "ఫ్యామిలీ ఫంక్షన్" అని కొట్టి సబ్మిట్ చేశాను. ఇంకా అప్రూవ్ కాలేదు.