కోతవాళ్ల జవాబు

బైబిల్లో రూతు గ్రంథం అనగానే మన సంఘాల్లో అత్తాకోడళ్ల ప్రేమ గురించి చెబుతారు. భర్త చనిపోయాక అత్త నయోమితో బేత్లెహేముకు వచ్చిన మోయాబు దేశపు కోడలే రూతు. ‘నీ జనమే నా జనము’ అంటారు. తర్వాత ఆమెను పెళ్లాడి ఆ కుటుంబాన్ని నిలబెట్టిన పొలం యజమాని బోయజు విమోచకుడు, ఆయనలో క్రీస్తు ఛాయ. ఇవన్నీ నిజమే, నేనూ విని ఆనందించినవే. కానీ రెండో అధ్యాయం నాలుగో వచనం దగ్గర ఎవరూ నిలబడరు. బోయజు బేత్లెహేము నుంచి పొలానికి వచ్చి కోతవాళ్లతో “యెహోవా మీకు తోడై యుండునుగాక” అంటాడు. వాళ్లు “యెహోవా నిన్ను ఆశీర్వదించును గాక” అంటారు. కథ అక్కడినుంచి వెంటనే ముందుకు వెళ్లిపోతుంది. నేను మాత్రం చాలాకాలంగా ఆ వచనం దగ్గరే ఉండిపోయాను.

అందుకు కారణం నేను చేసే పని. గుంటూరులో చిన్న వ్యాపారాలకు లెక్కలు రాస్తాను. వాటిలో మన విశ్వాసుల షాపులు, ప్రెస్సులు, స్కూళ్లు కూడా ఉన్నాయి. నెల మొదటి ఆదివారానికి దశమభాగం, అంటే సంపాదనలో పదో వంతు కానుక, తప్పకుండా ఖర్చు పడుతుంది. అదే పేజీలో నాలుగు వరుసల కింద జీతాల దగ్గర ‘సగం ఇచ్చాం, మిగతాది తర్వాత’ అని ఉంటుంది. మలాకీ మూడో అధ్యాయం పదో వచనం మనవాళ్లకు కంఠస్థం. పదియవ భాగము తెమ్మన్న మాట ప్రతి సంఘంలో వినిపిస్తుంది. అదే అధ్యాయం ఐదో వచనంలో దేవుడు తీర్పు తీర్చడానికి వస్తానని, తనకు భయపడక కూలివారిని, విధవరాండ్రను, తండ్రిలేనివారిని బాధపెట్టేవారి మీద సాక్ష్యం పలుకుతానని అంటున్నాడు. పదో వచనం చదివే నోరు ఐదో వచనాన్ని ఎలా దాటేస్తుంది? రెండూ ఒకే దేవుడు, ఒకే ప్రవక్త చేత చెప్పించిన మాటలు కదా.

సరే, బోయజు దగ్గరికి వస్తాను. ఆయన అన్న మొదటి మాట ఏ యజమానైనా అనగలడు. పొద్దున షట్టర్ ఎత్తి, గోడ మీద వాక్యం క్యాలెండర్ ముందు నిలబడి, పనివాళ్లతో ‘ప్రైజ్ ది లార్డ్’ అనడం కష్టం కాదు. కానీ వాళ్ల జవాబు ఆయన నేర్పించింది కాదు. అది న్యాయాధిపతుల కాలం, ఎవడి ఇష్టం వాడిది. ఊరు కరువునుంచి అప్పుడే తేరుకుంది. పని దొరికితే చాలనుకునే రోజులవి. అలాంటి రోజుల్లో కూలివాడు యజమాని ముఖం మీద నవ్వి, వెనక్కి తిరిగి శపించుకోవచ్చు. వీళ్లు దేవుని పేరెత్తి దీవించారు. ఆ జవాబు వెనక ఎన్ని కోతకాలాల మంచితనం ఉండి ఉంటుందో ఆలోచించండి. బోయజు భక్తి గురించి ఆ పొలంలో సాక్ష్యం చెప్పింది ఆయన పనివాళ్లు.

కిందికి చదివితే కారణాలు కనిపిస్తాయి. పరిగె ఏరుకోవడానికి వచ్చిన రూతును దాహమైతే పనివారు చేదిన నీళ్లు తాగమన్నాడు. ఆమెను ముట్టకూడదని కుర్రాళ్లకు ముందే ఆజ్ఞ పెట్టాడు. ఆడపిల్లలను పనిలో పెట్టుకునే ప్రతి యజమాని ఈ ఒక్క మాట దగ్గర మోకాళ్లూనాలి. భోజనం వేళ ఆమెను కోతవాళ్ల దగ్గరికి పిలిచాడు, పేలాలు అందించాడు. ఆమె కోసం పిడికెళ్లకొద్దీ కంకులు కావాలనే వదలమన్నాడు, గద్దించవద్దన్నాడు. అన్నిటికంటే నన్ను కదిలించేది ఆయన రాకముందు జరిగిన సంగతి. పరాయి దేశపు మోయాబు స్త్రీ వచ్చి ఏరుకుంటానని అడిగితే, కోతవాళ్ల మీద ఉంచిన పనివాడు తనంతట తానే సరేనన్నాడు. యజమాని ఏమంటాడోనన్న భయం లేదు. ఆమె పొద్దుటినుంచి చేస్తూనే ఉందని ఆమె తరఫున మాట్లాడాడు కూడా. మేస్త్రీ నోరు ఎలా ఉందో చూస్తే యజమాని మనసు ఎలాంటిదో తెలుస్తుంది. కస్టమర్ల ముందు పనికుర్రాడిని బూతులు తిట్టే సూపర్‌వైజర్‌ను చూసి ‘వాడి నోరు అంతే బ్రదర్’ అని నవ్వే విశ్వాసిని చూసినప్పుడు నాకు ఈ మేస్త్రీయే గుర్తొస్తాడు.

ఇప్పుడు ద్వితీయోపదేశకాండము ఇరవై నాలుగో అధ్యాయం తెరవండి. అక్కడ రెండు సూర్యాస్తమయాలున్నాయి. పదమూడో వచనంలో, బీదవాడి దగ్గర తాకట్టు పెట్టుకున్న బట్టను పొద్దుగుంకే వేళకు తిరిగి ఇచ్చేయమన్నాడు. అతడు దాన్ని కప్పుకుని పడుకుని నిన్ను దీవిస్తాడు, అది నీకు నీతి అవుతుంది. పదిహేనో వచనంలో, పొద్దుగుంకకముందే ఏనాటి కూలి ఆనాడు ఇయ్యమన్నాడు. ఇవ్వకపోతే వాడు నిన్నుబట్టి యెహోవాకు మొఱ్ఱపెడతాడు, అది నీకు పాపం అవుతుంది. మధ్యలో ఉన్నది ఒక్క వచనం. ఒక ఇంట్లో ఒకడు పడుకునే ముందు నీ పేరు చెప్పి దీవిస్తున్నాడు, ఇంకో ఇంట్లో ఇంకొకడు నీ పేరు చెప్పి ఏడుస్తున్నాడు. రెండూ వినేవాడు ఒక్కడే. పనివాడు భయపడి నోరు మూసుకున్నా లాభం లేదని యాకోబు తన పత్రిక ఐదో అధ్యాయంలో రాశాడు. బిగపట్టిన ఆ కూలే మొఱ్ఱపెడుతుందట. కోతవారి కేకలు సైన్యములకు అధిపతియగు ప్రభువు చెవుల్లో చొచ్చి ఉన్నాయట. బోయజు పొలంలోని కోతవాళ్ల నోట దీవెన వచ్చింది, యాకోబు చెప్పిన పొలంలోని కోతవాళ్ల నోట కేక వచ్చింది. మన షాపు ఏ పొలం?

మా అమ్మ మిర్చి తొడిమలు తీసేది. గుంటూరు వాళ్లకు ఆ పని గురించి చెప్పక్కర్లేదు. సీజన్‌లో గోడౌన్ల దగ్గర ముఖానికి గుడ్డ కట్టుకుని ఆడవాళ్లు రాసుల చుట్టూ కూర్చుంటారు. ఇంటికొచ్చాక ఆ చేతుల మంట రాత్రంతా ఉంటుంది. అన్నం కలపలేక మాతో కలిపించుకునేది. కూలి శనివారం ఇచ్చేవారు. ఆమె పనిచేసిన ఒక వ్యాపారి శనివారం పొద్దు వాలకముందే ఆడవాళ్లను ముందు పిలిచి లెక్క తేల్చేవాడు, చిల్లరతో సహా. ఆయన మన విశ్వాసి కాదు. మా ఇంటి సాయంకాల ప్రార్థనలో ఆయన పేరు, ఆయన పిల్లల పేర్లు ఉండేవి. తర్వాత ఇంకొకరి దగ్గర చేసింది. ఆయన సంఘ పెద్ద. ‘సోమవారం చూద్దాం అమ్మా, దేవుడు చూసుకుంటాడు’ అనేవాడు. ఆ శనివారాల్లో అమ్మ ప్రార్థన మధ్యలో ఆగిపోయేది, కాసేపు మాట వచ్చేది కాదు. ఆయన మీద చెడ్డమాట ఒక్కటీ అనలేదు. కానీ ఆ మౌనం పరలోకంలో ఏమని వినిపించిందో తల్చుకుంటే ఆయన కోసం నాకు ఇప్పటికీ భయమేస్తుంది.

పనిలో పెట్టుకునేటప్పుడు జరిగేది కూడా చెప్పాలి. బోయజు “ఈ చిన్నది ఎవరిది” అని అడిగాడు. మోయాబీయురాలని జవాబొచ్చింది. మోయాబీయులు యెహోవా సమాజంలో చేరకూడదని ధర్మశాస్త్రంలో ఉందని ఆయనకు తెలియదా? తెలుసు. మత్తయి మొదటి అధ్యాయం ప్రకారం ఆయన తల్లి రాహాబు. బయటినుంచి వచ్చిన స్త్రీని చేర్చుకుంటే ఇంట్లోకి ఏం వస్తుందో ఆయన తల్లి ఒడిలోనే చూశాడు. మనం ఏం చేస్తున్నాం? ‘ఏ సంఘం?’ అని అడుగుతాం, తర్వాత ఊరు, తర్వాత ఇంటిపేరు. ఇంటిపేరు ఎందుకు అడుగుతున్నామో అడిగేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. ఆదివారం ఒకే రొట్టె విరిచి, సోమవారం గల్లాపెట్టె దగ్గర ఒక కులాన్ని, చీపురు దగ్గర ఇంకో కులాన్ని నిలబెట్టేవాళ్లు ప్రభువు శరీరాన్ని వివేచించినట్టేనా? 1842లో అమెరికా లూథరన్ మిషనరీ హెయ్యర్ దొర గుంటూరులో అడుగుపెట్టిన దగ్గర్నుంచి లెక్కేసినా ఈ ఊరి లూథరన్ సంఘానికి నూట ఎనభై ఏళ్లు దాటాయి. మేం కొత్త విశ్వాసులం, ఇంకా నేర్చుకుంటున్నాం అని మనం చెప్పుకోలేం.

ఇంకో అలవాటు ఉంది. పాస్టరు గారు పంపిన అమ్మాయి కాబట్టి తక్కువకు వస్తుంది, ఎదురు చెప్పదు. ‘జీతం అనుకోకు, సేవ అనుకో’ అంటారు. టీచర్లకు, నర్సులకు ఈ మాట ఎక్కువ చెబుతారు. సేవ చేయాలన్న నిర్ణయం ఆ అమ్మాయి దేవుని ముందు తీసుకోవాలి, ఆమె జీతంలోంచి మీరు తీసుకోకూడదు. పనివాడు తన జీతమునకు పాత్రుడని ప్రభువే అన్నాడు, అది కూడా సేవకు పంపుతూ అన్నాడు.

విశ్రాంతి దినం గురించి ఎక్కువ చెప్పను. ద్వితీయోపదేశకాండము ఐదో అధ్యాయంలో ఆ ఆజ్ఞ చదవండి. నీవలె నీ దాసుడు, నీ దాసి విశ్రమించాలని ఉంది. యజమాని కుటుంబమంతా కొత్తబట్టల్లో గుడికెళ్లి, కౌంటర్ దగ్గర పనివాడిని కూర్చోబెడితే ఆజ్ఞలో సగమే పాటించినట్టు. విజయవాడలో ఆదివారం బేరం బాగుంటుందని నాకు తెలుసు. ఆ బేరం వదులుకోలేకపోతే, పనివాడికి ఇంకో రోజు జీతంతో సెలవు ఇవ్వండి. అతను క్రైస్తవుడైతే కనీసం ఆరాధన వేళకైనా వదలండి.

పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) సంగతి ఎత్తితే ‘అవి లోకసంబంధమైనవి బ్రదర్’ అంటారు. కపెర్నహూములో శతాధిపతి, అంటే నూరుమంది సైనికుల అధికారి, తనకు ప్రియుడైన దాసుడు చావుబతుకుల్లో ఉంటే యూదుల పెద్దలను ప్రభువు దగ్గరికి పంపి బతిమాలించాడు. ఇవాళ మన దగ్గర పదిమంది పనిచేస్తుంటే, ఇరవై ఒక్క వేల లోపు జీతగాడికి ఈఎస్‌ఐ కట్టాలి. యజమాని వాటా నూటికి 3.25 రూపాయలు, పనివాడిది 0.75. దానితో అతనికీ ఇంట్లోవాళ్లకూ వైద్యం దొరుకుతుంది. ఆ కాస్త డబ్బు కోసం పుస్తకంలో పేర్లు తొమ్మిది దాటనివ్వని విశ్వాసి, పనివాడి తల్లికి జబ్బు చేస్తే తల మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేస్తాడు. ప్రార్థన చేయండి. పేరు కూడా రాయించండి. పనివాడి జీతంలోంచి పీఎఫ్ కోసి కట్టకుండా వాడుకోవడం మాత్రం దొంగతనమే. దానికి ఇంకో పేరు లేదు.

వ్యాపారం డల్‌గా ఉంటే ఏం చేయాలని కొందరు నిజమైన బాధతోనే అడుగుతారు. పనివాళ్లను కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఏ తేదీకి ఇవ్వగలరో చెప్పండి. ఆ నెల ముందు మీ ఇంటి ఖర్చు తగ్గాలి, తర్వాతే వాళ్లది. షాపు వార్షికోత్సవానికి కృతజ్ఞతా కూటం, బిర్యానీ, ఫ్లెక్సీ అన్నీ పెట్టి, వడ్డించే కుర్రాడికి రెండు నెలల బాకీ ఉంచితే ఆ కృతజ్ఞత దేవునికి ఎలా చేరుతుంది? మనుషులు నిలబడటం లేదని గొణిగేవాళ్లు రూతును చూడండి. ఆమె యవల కోతకు వచ్చి గోధుమల కోత అయ్యేదాకా ఆ పొలం విడిచిపోలేదు. వేరే పొలానికి పోవద్దని బోయజు ఒక్కసారే చెప్పాడు. ఆ తర్వాత ఆమెను నిలబెట్టింది నీళ్లు, తిండి, భద్రత, గౌరవం.

వెళ్లిపోయేవాళ్ల గురించి కూడా వాక్యం ఉంది. ఆరేళ్లు చేసి వెళ్లే దాసుణ్ని వట్టి చేతులతో పంపకూడదని, మందలోంచి, కళ్లంలోంచి, ద్రాక్షగానుగలోంచి ధారాళంగా ఇవ్వాలని ద్వితీయోపదేశకాండము పదిహేనో అధ్యాయం చెబుతుంది. మనం చెప్పకుండా మానేశాడని కోపంతో ఆఖరి నెల జీతం ఆపేస్తాం. ఏళ్ల తరబడి చేసినవాడికి గ్రాట్యుటీ ఇవ్వాల్సి వస్తుందని మధ్యలో పేరు కొట్టేసి మళ్లీ కొత్తగా రాయిస్తాం. అలా వెళ్లిపోయిన మనిషి ఒకరు మీకు ఇప్పుడు గుర్తొచ్చే ఉంటారు. ఈ వారమే ఫోన్ చేయండి. నంబరు మారితే ఇల్లు వెతుక్కుంటూ వెళ్లండి. బాకీ ఎంతో ఆ మనిషినే అడగండి. మీ లెక్కకూ ఆయన లెక్కకూ తేడా వస్తే ఆయన చెప్పిందే ఇవ్వండి. ఆదివారం కానుక వేసేది ఆ తర్వాతే.