సత్యభామ జడ, మా అమ్మాయి సవరం

మా అమ్మాయి జుట్టు భుజాలు దాటదు. ఈత నేర్చుకుంటోంది కాబట్టి పొట్టిగా ఉంటేనే తనకు హాయి, నాకూ అభ్యంతరం లేదు. కూచిపూడి ప్రోగ్రాం ఉన్న రోజు మాత్రం పొద్దున్నుంచే హడావుడి. జెల్ రాసి, ఉన్న జుట్టంతా వెనక్కి లాగి చిన్న పిలకలా రబ్బరుబ్యాండు వేస్తాను. దానికి సవరం చేర్చి, మొదట్లో నల్లదారంతో గట్టిగా బిగిస్తాను. అక్కడ వదులైతే స్టేజి మీద జడ ఊడి వస్తుందేమోనని ఒకటే టెన్షన్. తర్వాత రాగిడి, జడబిళ్లలు, పూలు, చివర్న కుప్పెలు.

"మెడ లాగేస్తోందమ్మా, ఇంత జడ ఎందుకు?" అంది ఒకసారి. "అందంగా ఉంటుంది" అంటే అమెరికాలో పుట్టిన పిల్లలు ఒప్పుకోరు. ఒప్పుకోకపోవడమే మంచిది. అసలు కారణం అంతకన్నా గొప్పది.

కూచిపూడి వాళ్లు ఆడే నృత్యనాటకం భామాకలాపాన్ని సిద్ధేంద్రయోగి రాశారని చెబుతారు. అందులో సత్యభామ వస్తూనే మొహం చూపించదు. తెర వెనకే నిలబడి తన జడను తెర మీదుగా సభ వైపు వేస్తుంది. అది సింగారం కాదు, సవాలు! నాట్యంలో నన్ను ఓడించేవాళ్లుంటే రండి, ఓడితే ఈ జడ కోసుకోండి అని. ఇంకో సంగతి. ఈ నాట్యం పుట్టిన కృష్ణా జిల్లా కూచిపూడి ఊళ్లో తరతరాలుగా ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టేవారు. సత్యభామ అంటే వేదాంతం సత్యనారాయణశర్మ గారే అన్నంతగా ఆయన పేరు తెచ్చుకున్నారు. ఆయన పాత వీడియో పెడితే, వేషం వేసింది మగవారని మా పిల్ల ఎంతకీ నమ్మలేదు. నడక, కంటిచూపు, ఆ జడ పట్టుకునే తీరు మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి చూసింది.

మన సంస్కృతి అని పేరు పెట్టి పిల్లల నెత్తిన బరువు మాత్రమే పెడితే వాళ్లు ఎప్పుడో ఒకప్పుడు దించేస్తారు. ఆ బరువు వెనక ఉన్న పొగరు కూడా చెప్పాలని నా గట్టి నమ్మకం. మిగతా రోజుల్లో జుట్టు ఎలా ఉంచుకున్నా అది వాళ్లిష్టం.

"నేనెప్పుడు తెర మీద జడ వేస్తాను?" అని వాళ్ల టీచర్‌ని అడిగిందట. అడుగులు ఒక్కటే చాలవు, సత్యభామ తన మాటలు తనే చెప్పాలి, చెలికత్తె మాధవితో వాదించాలి, ముందు తెలుగు తడుముకోకుండా రావాలి అన్నారావిడ. ఆదివారం తెలుగు క్లాసంటే మొహం ముడుచుకునే పిల్ల ఇప్పుడు తనే పుస్తకం తెస్తోంది. ‘ళ’ ఇంకా ‘ల’గానే పలుకుతోంది. రోజూ రాత్రి భోజనాల దగ్గర వాళ్ల నాన్న దిద్దుతున్నారు.