కొలతల పుస్తకాలు తిరగేసిన నెలలు

చిత్తూరులో గుజ్జు ఫ్యాక్టరీల ముందు బెంగళూరా మామిడి ట్రాక్టర్లు బారులు తీరే రోజుల్లో నాకు టీబీ అని తేలింది. నాది టైలరింగ్ షాపు. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది, రాత్రి చెమటలు, ఆగని దగ్గు. జాకెట్ కుట్టించుకోవడానికి వచ్చిన ఆశా కార్యకర్త విని, "ఎన్నాళ్లుగా అక్కా ఈ దగ్గు? రెండు వారాలు దాటితే తెమడ పరీక్ష చేయించాల్సిందే" అని మర్నాడే డబ్బా తెచ్చి ఇచ్చింది. ఆమెకు నేను ఎంతో రుణపడి ఉన్నాను.

మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన మాత్రలు, తర్వాతి నాలుగు నెలలు మూడు మందులవి. రోజుకు ఎన్ని మాత్రలనేది మన బరువును బట్టి. వాటిలో రిఫాంపిసిన్ అనే మందు వల్ల మూత్రం నారింజ రంగులో వస్తుందని ముందే చెప్పారు, అయినా చూసినప్పుడు గుండె జారింది. తిండి కోసం నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు. 2018లో 500తో మొదలైన సాయం అది, 2024 నవంబరు నుంచి పెంచారు. ఆ డబ్బుతో గుడ్లు, చెనిక్కాయలు కొనుక్కున్నాను.

మందులు పడ్డాక కొన్ని వారాలకే పక్కవాళ్లకు అంటుకునే భయం బాగా తగ్గిపోతుంది. కానీ మిషన్ తొక్కే సత్తువ కాళ్లకు అంత తొందరగా రాలేదు. కొందరు గుడ్డలు వెనక్కి తీసుకెళ్లారు. పెళ్లిళ్ల ఆర్డర్లు పోయాయని నాకు ఒకటే టెన్షన్. అమ్మ మాత్రం "పండుకో మే, షాపు ఎక్కడికీ పోదు" అనేది. ఆమె చిన్నప్పుడు టీబీ అంటే మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం పేరే చెప్పుకునేవారట. 1915లో మొదలైన శానటోరియం అది. టీబీకి మందులు రాకముందు అలాంటి చోట్ల మంచి గాలి, తిండి, విశ్రాంతి, ఇవే వైద్యం. అది విన్నాక, పడుకుని ఉన్నందుకు నన్ను నేను తిట్టుకోవడం మానేశాను.

ఊరికే ఉండలేక పాత కొలతల పుస్తకాలు బయటికి తీయించాను. మొదటి దాంట్లో అన్నీ ఫాల్, పికోలే. తర్వాత సాదా జాకెట్లు, ఆ తర్వాత లైనింగ్‌వి. చాలా పేజీల్లో కొలతల పక్కన ఎర్ర పెన్నుతో నేనే రాసుకున్నవి: "చంకలో పట్టింది, విప్పాలి", "మెడ జారుతోంది", "చెయ్యి ఎక్కించేటప్పుడు ముడత". ఒక్కో పుస్తకం దాటేకొద్దీ ఆ ఎర్ర రాతలు పలచబడ్డాయి. మగ్గం వర్క్ జాకెట్ల దగ్గరికి వచ్చేసరికి ఎర్ర రాత కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. ఒక పాప పట్టు లంగా కొలతలు ముందు పుస్తకంలో ఉన్నాయి, స్కూలు యూనిఫాం ఇంకో దాంట్లో, ఓణీల ఫంక్షన్ జాకెట్ మరో దాంట్లో. మొన్న ఆగిపోయిన పెళ్లి ఆర్డర్ ఆ పిల్లదే. అన్నేళ్లుగా వాళ్లమ్మ ఇంకో టైలర్ గడప తొక్కలేదు. ఏ పండక్కి ఎన్ని కుట్టాలి, ఎవరికి ఎప్పుడివ్వాలి అనే పరుగులో ఇదంతా నా కంటబడలేదు. నా పని ఇంత బాగుపడిందా అని ఆ మంచం మీద కూర్చుని గట్టిగా ఏడ్చాను. అది దుఃఖం కాదు.

చివరి పరీక్షలో టీబీ క్రిములు లేవన్నారు. బరువూ పెరిగింది. షాపు తెరిచాను, ఆర్డర్లు మాత్రం తగ్గించే తీసుకుంటున్నాను. ఇప్పుడు నా దగ్గర ఒక అమ్మాయి పని నేర్చుకుంటోంది. ఆమె ఎక్కించిన మొదటి జాకెట్ చేతిని పారేయనివ్వలేదు.

"ఎందుకక్కా, వంకరగా ఉంది కదా" అంది.

దాని మీద తేదీ రాయించి, కొలతల పుస్తకాల పక్కనే పెట్టించాను.