కారు డైరీ, 11వ నెల: అర్ధరాత్రి ఆగిపోయే ఛార్జింగ్ సంగతి తేలింది

దొరికింది! నలభై ఒక్క రోజులు నాకు నిద్ర లేకుండా చేసింది చిటికెనవేలి గోరంత ఇత్తడి స్క్రూ. ఇది రాస్తుంటే నా ముందే టేబుల్ మీద ఉంది. ఒక పక్క ఇంకా పసుపచ్చగానే ఉంది, రెండో పక్క మాడిన వేరుశనగ గింజలాగా నల్లబడింది. పారేయొద్దని ఇంట్లో గట్టిగా చెప్పా.

ముందు లెక్కలు గబగబా రాసేస్తా. బండి అదే టాటా నెక్సాన్ ఈవీ 45 (45 కిలోవాట్ అవర్ల బ్యాటరీ ఉన్న ఎలక్ట్రిక్ కారు), మీటర్ మీద 29,640 కిలోమీటర్లు. కావలికి తూర్పున సముద్రం వైపు మా ఊరు, ఉద్యోగం నెల్లూరులో, ఇంటి గేటు నుంచి మళ్లీ గేటు దాకా 124 కిలోమీటర్లు. ఈ నెల సగటు కిలోమీటరుకు 148 వాట్ అవర్లు, పోయిన నెల 141. పెరిగిందంతా రోహిణి కార్తె ఏసీ, సాయంత్రం గాలి. కంపెనీ కాగితం మీద 489 కిలోమీటర్ల రేంజి ఉంటుంది, నాకు హైవేలో 85-90 స్పీడు మీద 300 వస్తుంది, నా పనికి అది చాలు. క్రెటా ఎలక్ట్రిక్ 51.4 తీసుకోవాల్సింది అని మా పిన్ని కొడుకు, మహీంద్రా ఎక్స్‌ఈవీ 9ఈలో 79 బ్యాటరీ ఉంది కదా అని ఆఫీసులో ఇంకొకాయన. రోజుకు 124 తిరిగేవాడికి 79 ఎందుకు? పైగా ఆ బండి పొడవు 4.8 మీటర్లకు దగ్గర, మా రామాలయం సందులో ఒకసారి తిప్పి చూపిస్తే అప్పుడు మాట్లాడదాం. నాది నాలుగు మీటర్లలోపే, అయినా ఆ మలుపులో అద్దం మడుచుకునే పోతా.

ఇక అసలు గొడవ.

గోడకు బిగించిన 7.2 కిలోవాట్ల ఛార్జింగ్ బాక్స్ నాది. రాత్రి 11కి టైమర్ పెడతా, 49 శాతంతో మొదలై 3 గంటల్లో 90కి రావాలి. తొమ్మిది నెలలు అలాగే వచ్చింది. ఏప్రిల్ చివర్లో ఒకరోజు పొద్దున్నే లేచి చూస్తే 69, బాక్స్ మీద ఎర్ర లైటు ఆగి ఆగి కొడుతోంది. పుస్తకంలో చూస్తే ఎర్త్ తప్పు అని. స్విచ్ ఆపి వేస్తే ఏమీ ఎరగనట్టు పచ్చ లైటు. సర్లే అనుకున్నా. మర్నాడు బాగానే ఎక్కింది, ఆ తర్వాత వరసగా రెండు రాత్రులు ఆగింది. ఒక రాత్రి ఆగితే 69తో పోయి 28తో తిరిగి వస్తా. మళ్లీ ఆగితే 48తో బయల్దేరి ఇంటికి వచ్చేసరికి 7. ఆ 7 చూసిన రోజు ఏసీ కట్టేసి, లారీ వెనక 60లో వచ్చా, చొక్కా పిండితే నీళ్లు. దారిలో ఫాస్ట్ ఛార్జర్ లేక కాదు, ఉంది, కానీ యూనిట్‌కు ఇరవై రూపాయల పైన పెట్టి, ఛార్జింగ్ గన్ కోసం టాక్సీ వెనక లైన్లో నిలబడడానికా నేను ఇంట్లో బాక్స్ పెట్టించింది?

అప్పటి నుంచి నోటు పుస్తకం పెట్టా. తొమ్మిది రాత్రులు రాస్తే ఐదు ఆగాయి. ఆగిన టైములు: 12.34, 12.51, 12.40, 12.29, 12.47. ఇంత పద్ధతిగా ఆగేసరికి నాకు ముందు అనుమానం వచ్చింది రొయ్యల గుంటల మీద. మా చుట్టూ గుంటలే, అర్ధరాత్రి దాటితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుందని ఏరియేటర్లన్నీ ఒకేసారి వేస్తారు, ఆ శబ్దం మా మిద్దె మీదికి వినిపిస్తుంది. అందరి మోటార్లూ ఒక్కసారిగా లేస్తే వోల్టేజీ పడి బాక్స్ బెదిరిపోతోందని నా థియరీ. బాగుంది కదా? నాకూ బాగా నచ్చింది, రెండు వారాలు దాన్నే పట్టుకుని వేలాడా. రెండు రాత్రులు మల్టీమీటర్ పట్టుకుని దోమల్లో కూర్చున్నా. ఏమీ నడవనప్పుడు 231, ఛార్జింగ్ 30 ఆంపియర్లు లాగుతున్నప్పుడు 212. ఏరియేటర్లు వేశాక 209. అంటే వాళ్ల వల్ల పడేది మూడు వోల్టులు, నా కారు వల్ల పడేది పంతొమ్మిది! ఆ లెక్క చూసినప్పుడే బుర్ర వెలగాల్సింది, వెలగలేదు.

ఎర్త్ అని లైటు చెబుతోంది కదా, ఎర్త్ మీద పడ్డా. స్నేహితుడి దగ్గర ఎర్త్ టెస్టర్ అరువు తెచ్చి కొలిస్తే 14 ఓమ్స్ (ఇది ఎంత తక్కువైతే ఎర్త్ అంత మంచిది). ఎండాకాలం, పైగా మాది ఇసుక నేల, ఎండిపోయి ఉంది. నాలుగు బిందెలు పోసి గంట ఆగి కొలిస్తే 8. ఇదే దొంగ అనుకుని కొత్త ఎర్త్ గుంత తీయించా, రాగి పూత కడ్డీ, చుట్టూ రెడీమేడ్ పొడి, కూలీతో కలిపి 6,400. (బొగ్గు, కల్లుప్పు వేస్తే సగానికే అయిపోయేదని మా మేస్త్రీ. ఉప్పు నాలుగేళ్లలో పైపును తినేస్తుంది, మాది అసలే ఉప్పుగాలి, అందుకే వద్దన్నా.) కొత్త గుంతలో 2.6 ఓమ్స్ వచ్చింది. ఆ రాత్రి హాయిగా పడుకున్నా. పొద్దున 68.

ఆ రోజు రాసిన మాటలు ఇక్కడ రాయలేను.

తర్వాత ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్. నాది పాత ఏసీ టైప్ (చల్లటి ఏసీ కాదు, ఆ స్విచ్‌లో ఒక రకం), కారు ఛార్జింగ్‌కు కనీసం ఏ టైప్ ఉండాలి, అది ఎలాగూ మార్చాల్సిందే, మార్పించా. ఎలక్ట్రికల్ సామాన్లలో ఏ బ్రాండ్ గొప్పది అని జనం కొట్టుకుంటారు గానీ, హ్యావెల్స్ అయినా ష్నైడర్ అయినా అసలు సరుకు తీసుకుని స్క్రూ సరిగ్గా బిగిస్తే చాలు, ఇది కిందికి పోయేకొద్దీ మీకే తెలుస్తుంది. మార్చినా ఆగింది. బాక్స్ పడమటి గోడకు ఉంది, వేడికేమోనని రేకు అడ్డం పెట్టి టేబుల్ ఫ్యాన్ తిప్పా. ఆగింది. ఫ్యాన్ మాత్రం పక్కింటి కుక్కకు బాగా ఉపయోగపడింది, రోజూ వచ్చి దాని ముందే పడుకునేది.

మా బావ వచ్చి చూసి, "ఏంది బావా, 16 ఆంపియర్ల మీద పెట్టుకుంటే తెల్లారేసరికి నిండుతుంది కదా, ఎందుకొచ్చిన రచ్చ ఇది?" అన్నాడు. నిజమే. 16 మీద పెడితే ఆరు గంటలు పడుతుంది, 11కి మొదలుపెడితే 5కి అయిపోతుంది, ఒక్కసారి కూడా ఆగలేదు. కానీ తొమ్మిది నెలలు 30 మీద నడిచింది ఇప్పుడెందుకు నడవదు? అది తేలకుండా 16 మీద పెట్టుకోవడమంటే నొప్పికి మాత్ర మింగి పంటి సంగతి మరిచిపోవడమే కదా. బావకు అలాగే చెప్పా. "నీ ఇష్టం, నువ్వు ఎప్పుడు విన్నావు గనక" అని కాఫీ తాగి పోయాడు.

మలుపు తిప్పింది మాత్రం ఒక ఆదివారం. మామూలుగా 11కి పెట్టేవాణ్ణి, ఆ రోజు సాయంత్రం 6కే పెట్టా. 7.38కి ఆగింది. ఆ టైములో ఒక్క ఏరియేటరూ నడవడం లేదు. అంటే గడియారం కాదు, మొదలైన గంటన్నరకు ఆగుతోంది! ఏదో మెల్లగా వేడెక్కుతోంది. 16 మీద ఎందుకు ఆగదో కూడా అప్పుడే అర్థమైంది, వేడి కరెంటు వర్గాన్ని (కరెంటును కరెంటుతోనే హెచ్చేస్తే వచ్చేదాన్ని) బట్టి కదా, 30కీ 16కీ వేడిలో తేడా రెండింతలు కాదు, మూడున్నర రెట్లు.

ఇంకో విషయం నోటు పుస్తకంలోనే ఉంది, నేనే చూడలేదు. ఆగని నాలుగు రాత్రులూ పిల్లలు ఒంగోలులో అమ్మమ్మ ఇంట్లో ఉన్న రోజులు. వాళ్లు లేకపోతే మేం మిద్దె మీద పడుకుంటాం, ఏసీ వేయం. అమ్మమ్మ ఇంటికీ కారు ఛార్జింగ్‌కూ సంబంధం ఉంటుందని ఎవరనుకుంటారు! కారుకు 30, ఏసీకి 7, కలిసి 37.

అప్పుడు న్యూట్రల్‌కూ (కరెంటు తిరిగి పోయే వైరు) ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ కొలవడం మొదలుపెట్టా. ఇది మొదటి రోజే చేయాల్సిన పని, మీరెవరైనా ఈ అవస్థలో ఉంటే ముందు ఇదే చేయండి. ఏమీ నడవనప్పుడు 1.1 వోల్టులు. 16 మీద 4.8. 30 మీద పెట్టగానే 9.2, గంట తర్వాత 11.8, అక్కడి నుంచి ఎక్కుతూ 13 దగ్గరికి వచ్చేసరికి బాక్స్ ఎర్ర లైటు వేసి ఆపేసింది. పాపం అది దాని పని అది చేస్తోంది. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య అంత తేడా కనిపిస్తే ఎర్త్ బాగాలేదనే అనుకుంటుంది, నిజానికి ఎర్త్ బాగానే ఉంది, పైకి లేస్తోంది న్యూట్రల్. నేను 6,400 పెట్టి బాగున్నదాన్ని ఇంకా బాగు చేశా.

స్తంభం నుంచి మీటరుకు 40 మీటర్ల అల్యూమినియం వైరు, దాని మీద నాలుగు వోల్టుల దాకా పోతే లెక్క సరిపోతుంది. మిగతా ఐదు ఎక్కడ? శనివారం ఎలక్ట్రీషియన్‌ను పిలిచా. మీటర్ బోర్డు దగ్గర ఒక్కో అతుకు దాటించి కొలుచుకుంటూ వస్తే ఛేంజోవర్ స్విచ్ (ఇంటిని లైను నుంచి జనరేటర్‌కు మార్చేది) దగ్గర, న్యూట్రల్ లోపలికి పోయే చోటికీ బయటికి వచ్చే చోటికీ మధ్య 4.9 వోల్టులు చూపించింది. అక్కడ ఉండాల్సింది మిల్లీవోల్టుల్లో. 4.9ని 30తో హెచ్చేస్తే దాదాపు 150 వాట్లు, అంటే పాత వంద వాట్ల బల్బు ఒకటిన్నర ఆ చిన్న డబ్బాలో వెలుగుతున్నట్టు. మూత మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేశా.

ఆ ఛేంజోవర్ 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానుకు కరెంటు పోయినప్పుడు జనరేటర్ అద్దెకు తెచ్చి హడావుడిగా పెట్టించింది, 40 ఆంపియర్లది. కారు వచ్చాక బాక్స్ వైరు దాని అవతలి నుంచి లాగారు, బోర్డులో చోటు లేదని. నేనే సరే అన్నా. లైను త్రీఫేజే (ఆర్, వై, బి అని మూడు కరెంటు వైర్లు) అయినా కారు, ఏసీ రెండూ ఒకే ఆర్ ఫేజ్ మీద పడ్డాయి. ఫీజులు పీకి మూత తీశాం. ఎలక్ట్రీషియన్ టార్చి వేసి, "అన్నా, ఇటు చూడు" అన్నాడు. మూడు ఫేజుల స్క్రూలూ కొత్తవాటిలా ఉన్నాయి, నాలుగోది, న్యూట్రల్‌ది, నల్లగా. వైరు మీది తొడుగు రెండంగుళాల మేర ముడుచుకుపోయి, వేలితో తాకితే అప్పడంలా విరిగింది. స్క్రూ విప్పడానికి స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు, చేత్తోనే అరచుట్టు తిరిగింది. ఉప్పుగాలికి వైరు మీద పచ్చటి చిలుము. ఆ పక్కనే చెక్క బోర్డు. ఇంకో నెల 30 మీదే నడిపి ఉంటే ఏమయ్యేదో నేను ఇంట్లో చెప్పలేదు, మీరూ చెప్పకండి.

చేసిందేంటంటే కారు లైనును ఛేంజోవర్‌తో సంబంధం లేకుండా మీటరు నుంచి నేరుగా లాగాం, 10 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, చివర్లకు లగ్గులు (లోహపు తొడుగులు) నొక్కించి. ఏసీ వై ఫేజ్ మీదికి మారింది. ఇంటికి 63 ఆంపియర్ల కొత్త ఛేంజోవర్. అన్నీ కలిపి 5,150, అంటే అక్కర్లేని ఎర్త్ గుంత కంటే తక్కువ. ఇప్పుడు 30 మీద న్యూట్రల్-ఎర్త్ మధ్య 4.2, రెండు గంటల తర్వాత కూడా 4.2. పదహారు రాత్రులైంది, ఒక్కసారి ఆగలేదు. 49 నుంచి 90కి ఇంటి మీటర్ దగ్గర 20.4 యూనిట్లు పోయేది, ఇప్పుడు 19.9. ఆ అర యూనిట్ ఇన్నాళ్లూ స్క్రూను వేయించడానికే ఖర్చయింది.

నెల రోజులకోసారి బోర్డు మీద చెయ్యి పెట్టి చూసుకోండి, అంతకంటే ఖరీదైన పరికరం ఏమీ అక్కర్లేదు. నేను మాత్రం ఆగలేక క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) కొన్నా, మెకో వాళ్లది. ఫ్లూక్ కొనేంత పని మన ఇళ్లలో లేదు.

మిగతావి ఒక్కో ముక్క. ముందు టైర్లు వెనక్కి మార్పించా. 35 పీఎస్ఐ పెడితే మా ఊరి రోడ్డు మీద నడుము తెలుస్తోంది, 33కి దించా. టోల్ వాళ్లు ఎలక్ట్రిక్ అని వదలరు, ఏడాది పాస్‌కు 200 ట్రిప్పులే, నాలాంటివాడికి ఏడాది పాస్ ఏడాది రాదు. వైపర్లు మార్చాలి.

తర్వాతి పిచ్చి మిద్దె మీద సోలార్. 3 కిలోవాట్లు పెడితే కేంద్రం వాళ్ల పీఎం సూర్యఘర్ పథకం సబ్సిడీ 78,000 వస్తుంది, రోజుకు 12 యూనిట్లు వేసుకున్నా కారు తినేదాంట్లో సగం పైన వస్తుంది. పగలు కారు నెల్లూరులో ఉంటుంది కాబట్టి నెట్ మీటర్ (పగలు లైనుకు ఇచ్చిన యూనిట్లను మన వాడకంలోంచి తీసేసేది) తప్పదు. నా భయమల్లా స్టాండ్ల గురించే, మామూలు ఇనుముకు రంగు వేసి ఇస్తామంటున్నారు, మా గాలికి అది రెండు వానాకాలాలు ఆగదు, గాల్వనైజ్డ్ అంటే రేటు వేరే చెబుతున్నారు. మిద్దె కొలతలు తీయడానికి బుధవారం వస్తామన్నారు. వాళ్లు వచ్చినప్పుడు టేబుల్ మీదున్న ఈ స్క్రూ ముందు చూపించి, తర్వాత మాట్లాడతా.